ఒకటో తరగతి ‘బేస్‌లైన్’లో మావాడికి సి గ్రేడు వచ్చింది, టీచర్లెవరైనా ఉంటే చెప్పండి

పలాస నాన్న
జూలై 5, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది పలాస. నేను జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను, మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మావాడికి మే నెలాఖరుకి ఐదు నిండాయి. జూన్‌లో ప్రైవేటు బడిలో ఒకటో తరగతిలో వేశాం, ఇంగ్లీష్ మీడియం. బడి తెరిచిన మూడో వారంలో, పిల్లలకి ముందే ఏం వచ్చో చూడటానికట, బేస్‌లైన్ టెస్ట్ అని పెట్టారు. నిన్న కాగితం ఇంటికి వచ్చింది. నలభైకి పదకొండు. కింద ఎర్ర పెన్నుతో ‘సి’, పక్కన ‘నీడ్స్ ట్యూషన్’.

వీడు ఇంట్లో నోరు మూయడు. వంద దాకా ఆగకుండా చెప్తాడు. అ ఆలు, ఏబీసీడీలు అన్నీ వచ్చు. మరి అక్కడేమైందిరా అంటే ‘టీచర్ అడిగింది, నాను సెప్పలేదు’ అంటాడు. ఎందుకు చెప్పలేదంటే ‘ఊరికే’. పేపర్లో ఒక బొమ్మ ఉంది, మంచు ఇల్లు, అదే ఇగ్లూ. దాని కింద పేరు రాయాలి. వీడు రాయలేక ‘పుట్ట’ అని నోటితో చెప్పాడట. ఇంటూ పెట్టారు. నిజం చెప్పాలంటే నాకూ అది పుట్టలాగే ఉంది. నాగులచవితికి పాలు పోసొచ్చిన పిల్లాడు ఇంకేమంటాడు.

మా అమ్మ రెండు రోజుల నుంచి సరిగ్గా తినట్లేదు, మనవడు మొద్దు అయిపోయాడని. ట్యూషన్‌కి నెలకి ఎనిమిది వందలు అడుగుతున్నారు. వేయమంటారా?

గంటస్తంభం
జూలై 5, రాత్రి 10:15

వేసేయండి. దానికింత ఆలోచన ఎందుకు. నేను విజయనగరంలో ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పునాది లేని పిల్లలు ఆరో తరగతికి వచ్చి ఏడిపించిన ఏడుపు నాకు తెలుసు. ఇప్పుడే తెలిసింది కాబట్టి మంచిదే అనుకోండి. ఇప్పటి తల్లిదండ్రులకి మార్కు తక్కువొస్తే పరీక్షదే తప్పు.

మాడరేటర్
జూలై 5, రాత్రి 10:20

బడి పేరు, టీచర్ పేరు ఎవరూ రాయొద్దు. అడగొద్దు కూడా.

ఆమదాలవలస టీచరమ్మ
జూలై 6, ఉదయం 6:10

తమ్ముడూ, ముందు మీ అమ్మగారిని అన్నం తినమనండి. నేను సర్కారు బడిలో ఎస్‌జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్ని. పద్దెనిమిదేళ్ల సర్వీసులో పదకొండేళ్లు ఒకటో తరగతే. ఐదేళ్ల పిల్లవాడికి జూన్‌లో కాగితం మీద పరీక్ష పెడితే తేలేది ఒక్కటే, వాడికి కాగితం మీద పరీక్ష రాయడం అలవాటుందా లేదా అని. మిగతాది తేలదు.

మాష్టారూ, మీతో నాకు పేచీ లేదు. పిల్లవాడికి ఏం వచ్చో తెలుసుకోవాల్సిందే. ఎలా అన్నదే గొడవ. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉన్న పిల్లలకి పరీక్షలు తగవని చెప్పింది. పిల్లల్ని గమనించాలి, వాళ్లు చేసిన పనిని చూడాలి అంది. ఒకటో తరగతి మొదటి మూడు నెలలకి ‘విద్యా ప్రవేశ్’ అని ఆటపాటల కార్యక్రమం 2021 నుంచీ ఉంది. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపడాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్‌లో ఒకటో తరగతికి ఉన్న లక్ష్యం: తెలియని పాఠంలోనైనా నాలుగైదు చిన్న మాటల వాక్యం చదవడం, 99 దాకా అంకెలు చదివి రాయడం, చిన్న కూడికలు, తీసివేతలు. ఇదంతా ఏడాది చివరికి. మార్చిలో పట్టాల్సిన కొలబద్ద జూన్‌లో పడితే పిల్లలందరూ పొట్టివాళ్లే.

ఇంకొకటి. మీవాడికి మే నెలాఖరుకి ఐదు నిండాయన్నారు. అదే తరగతిలో కిందటి జూన్‌లోనే ఐదు నిండినవాడు కూడా ఉంటాడు. ఇద్దరికీ ఏడాది తేడా. మనకి ఏడాది అంటే లెక్కలేదు కానీ, ఐదేళ్లవాడికి అది బతుకులో ఐదో వంతు. కొత్త విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లు ఉండాలన్నది ఊరికే కాదు.

ట్యూషన్ సంగతి తర్వాత. ఒక పని చేయండి. చింతపిక్కలు ఓ ముప్ఫై నేల మీద పోసి ‘ఏడు ఇయ్యరా’ అనండి. ఏం చేస్తాడో చూసి ఇక్కడ రాయండి. వంద దాకా చెప్పడం పాట, ఏడు ఇవ్వడం లెక్క. తర్వాత అక్షరాలు వరసలో కాకుండా అక్కడక్కడా చూపించి అడగండి. తప్పు చెప్తే దిద్దకండి, ఏం చెప్పాడో రాసుకోండి. జీడిపిక్కలతో మాత్రం వద్దు, పచ్చి తొక్క రసం తగిలితే చేతులు బొబ్బలెక్కుతాయి.

పలాస నాన్న
జూలై 6, రాత్రి 8:55

పలాసవాడికి జీడిరసం గురించి చెప్తున్నారా మేడమ్! మా అమ్మ చేతులు చూస్తే మీరు ఏడుస్తారు. చింతపిక్కలే పోశాను.

ఏడు ఇమ్మంటే గుప్పెడు తీసి నా చేతిలో పెట్టి ‘ఇందా’ అన్నాడు. లెక్కపెట్టి ఇమ్మంటే మొదలెట్టాడు. వేలు మెల్లగా పోతోంది, నోరు పరుగెడుతోంది. తొమ్మిది పిక్కలకి పద్నాలుగు లెక్క వచ్చింది. మళ్లీ లెక్కపెట్టమంటే పదకొండు. రెండూ కరెక్టే అన్నట్టు చూశాడు.

అక్షరాలు ఇంకా తమాషా. ‘డ’ చూపించాను. పెదాలు కదులుతున్నాయి, ‘ట, ఠ, డ’ అని లోపల చదువుకుంటూ వచ్చి ‘డ!’ అన్నాడు. ‘మ’ చూపిస్తే ‘ప ఫ బ భ మ’. ‘స’ దగ్గరికి వచ్చేసరికి దారి తప్పిపోయాడు. అంటే నాకు ఇన్నాళ్లూ వచ్చనిపించింది రాదన్నమాట. కొంచెం బాధేసింది.

గంటస్తంభం
జూలై 6, రాత్రి 9:05

అదుగో. పరీక్ష చెప్పింది తప్పేం కాదుగా మరి.

ఆమదాలవలస టీచరమ్మ
జూలై 6, రాత్రి 9:50

మాష్టారూ, ‘నలభైకి పదకొండు’ అంటే రేపు పొద్దున్న బడిలో ఏం చేయాలో ఏ టీచరుకీ తెలియదు. ఈ నాన్న రాసిన నాలుగు మాటలు చాలు నాకు. వేలికీ నోటికీ జత కుదరలేదు, కాబట్టి పిక్కని ఇటు నుంచి అటు జరుపుతూ లెక్కపెట్టించాలి. ఆఖరున చెప్పిన అంకే మొత్తం అన్న సంగతి ఇంకా తెలియలేదు. అక్షరం చూడగానే గుర్తుకు రావట్లేదు, వరస పాట మీద ఎక్కి వెళ్తున్నాడు. మందు ఏమిటో చీటీలోనే ఉంది.

తమ్ముడూ, బాధపడకండి. జూన్‌లో నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇక్కడే ఉంటారు. నాకు మీవాడు మొద్దులా కనిపించలేదు, వరస పట్టుకుని ‘డ’ని వెతుక్కున్నాడంటే తెలివైన పనే అది.

లెస్టర్‌లో సిక్కోలమ్మాయి
జూలై 7, తెల్లవారుజామున 2:30

నిద్ర పట్టక చదువుతున్నాను. మాది నరసన్నపేట, ఇక్కడికి వచ్చి ఆరేళ్లయింది. మా పాపకి ఇంగ్లండ్‌లో బడిలో చేరగానే బేస్‌లైన్ చేశారు. 2021 సెప్టెంబరు నుంచి సర్కారు బడులన్నిటికీ తప్పనిసరి. చేరిన ఆరు వారాల్లోపు, టీచరూ పిల్లా ఇద్దరే కూర్చుని, ఇరవై నిమిషాలు. బొమ్మలు జరపడం, కథ వినడం, లెక్కపెట్టడం. నచ్చిందేంటంటే మార్కు మాకు చెప్పరు, టీచరుకీ చెప్పరు. పాప ఏ పనులు చేయగలిగిందో వాక్యాల్లో టీచరుకి వస్తుంది. పదకొండేళ్లప్పుడు బడి ఎంత నేర్పిందో కొలవడానికి ఆ అంకె దాచుకుంటారు. ఇక్కడ కూడా దీని మీద తిట్టుకునేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, నాలుగేళ్ల పిల్లల్ని కొలవడమేమిటని.

పై తరగతికి వెళ్లాక జూన్‌లో ఇంకొకటి, నలభై మాటలు చదివించారు. అందులో ఇరవై అర్థం లేని మాటలు! పక్కన వింత జంతువు బొమ్మ వేసి, ఇది దాని పేరు అంటారు. మాట ముందే బట్టీ పట్టి ఉండదు కాబట్టి నిజంగా అక్షరాలు కూడబలుక్కుని చదవాలి. మన తెలుగులో ఎవరైనా ఇలా చేస్తారా?

ఆమదాలవలస టీచరమ్మ
జూలై 7, ఉదయం 6:30

పేరేమీ పెట్టుకోకుండా చేస్తాం అమ్మా. ‘తల’, ‘వల’, ‘పలక’ పుస్తకంలో ఉన్న మాటలు కాబట్టి బొమ్మ చూసి చెప్పేస్తారు. అందుకే నేను ‘లప’, ‘గటమ’, ‘మిరో’ లాంటివి బోర్డు మీద రాసి ‘ఇది దయ్యం పేరు’ అంటాను. పిల్లలు భలే నవ్వుతారు. నవ్వుతూ చదివినవాడికి అక్షరం వచ్చినట్టు. ‘ఏ దయ్యం టీచర్, మా ఊర్దా?’ అని అడిగినవాడికి మాట్లాడటం వచ్చినట్టు. అదీ రాసుకుంటాను.

మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ‘చెరువు’ అన్న మాట ముగ్గురు పిల్లలు తప్పు చదివారు. ఒకడు ‘సెరువు’ అన్నాడు. ఒకడు ‘చరువు’ అన్నాడు. ఇంకొకడు బొమ్మ చూసి ‘కోనేరు’ అన్నాడు. మార్కుల కాగితంలో మూడింటికీ ఇంటూయే. కానీ మొదటివాడు చక్కగా చదివాడు, వాళ్లింట్లో ‘చ’ని అలాగే పలుకుతారు, అంతే. రెండోవాడికి ఎత్వం పట్టుబడలేదు. మూడోవాడు అసలు అక్షరాల వైపు చూడలేదు. ముగ్గురికీ ఒకే ట్యూషన్ ఏం చెప్తారు?

గంటస్తంభం
జూలై 7, ఉదయం 11:20

ఇది ఒప్పుకోను. ‘సెరువు’ తప్పే. ఇప్పుడు వదిలేస్తే రేపు అదే రాస్తాడు, ఎల్లుండి ఇంటర్వ్యూలో అదే అంటాడు, హైదరాబాద్‌లో పక్కవాడు నవ్వుతాడు. మన యాస మీద నవ్వించుకున్నది చాలు. నేను హాస్టల్లో ఏడాదంతా పడ్డాను ఆ నవ్వు.

మందస కొండ
జూలై 7, రాత్రి 8:15

మాష్టారూ, నవ్వేవాడిని వదిలేసి గుంటడిని కొట్టడం ఎలగ న్యాయం?

నేను మందస వైపు కొండ ఊళ్లలో పనిచేశాను. మా బడిలో సగం మంది ఇంట్లో సవర మాట్లాడేవాళ్లు. ఒక పాప పన్నెండు దాకా గడగడా లెక్కపెట్టి ఆగిపోయేది. తెలుగులో పదమూడు రాదని నేను నెల రోజులు రాసుకున్నాను. తర్వాత వాళ్ల తాతని అడిగితే తెలిసింది, సవర లెక్కలో పన్నెండు దగ్గర ఒక మజిలీ ఉంటుంది. పదమూడు అంటే వాళ్లకి పన్నెండు మీద ఒకటి. ఇరవై నుంచి మళ్లీ ఇరవైల లెక్క. ఆ పాప తప్పిపోలేదు, తనకి తెలిసిన దారి అక్కడ మలుపు తిరుగుతుంది. పిక్కలు పోసి సవరలో లెక్కపెట్టమంటే పదిహేను దాకా ఒక్కటీ పోకుండా పెట్టింది. నా రిజిస్టరులో మాత్రం నెల రోజులు ‘12 వరకే’.

సవరల కోసం వాళ్ల మాటలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో. జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడిందీ ఆయనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ప్రతి బడిలో ఫొటోకి దండ వేస్తాం. జూన్‌లో మాత్రం ‘సెరువు’కి ఇంటూ పెడతాం. ఇచ్ఛాపురం వైపు ఇళ్లలో ఒడియా మాట్లాడే పిల్లలదీ ఇదే కథ.

గంటస్తంభం
జూలై 7, రాత్రి 9:00

పన్నెండు మీద ఒకటి. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పాను, పక్క కొండ మీద ఇలాంటి లెక్క ఉందని నాకెవరూ చెప్పలేదు. కాగితం మీద వేసి చూస్తున్నాను. ముప్ఫై మూడు అంటే ఇరవై, దాని మీద పన్నెండు, దాని మీద ఒకటి. భలే ఉంది.

‘సెరువు’ మీద నా మాట నాదే. చదివేటప్పుడు ఇంటూ పెట్టొద్దు, సరే. ‘చ’ పలకడం వేరేగా నేర్పండి.

ఆమదాలవలస టీచరమ్మ
జూలై 7, రాత్రి 9:12

అదే కదా మాష్టారూ నేనూ అనేది.

నెల్లిమర్ల అమ్మ
జూలై 8, మధ్యాహ్నం 1:10

మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. మా పాపకి ఆరేళ్లు. ఒకటో తరగతి అడ్మిషన్‌కే టెస్ట్ పెట్టి, ఇంగ్లీషులో మాట్లాడలేదని సీటు లేదన్నారు ఒక పెద్ద బడిలో. ఫీజు కడతామన్నా వినలేదు. ఇలా పెట్టొచ్చా?

లా చదువుతున్నా
జూలై 8, సాయంత్రం 5:45

పెట్టకూడదండీ. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 13. చేర్చుకునేటప్పుడు పిల్లనిగానీ తల్లిదండ్రుల్నిగానీ వడపోయకూడదు. మొదటిసారి చేస్తే 25,000 దాకా జరిమానా, తర్వాత ప్రతిసారీ 50,000 దాకా. ఎంఈవోకి, అంటే మండల విద్యాధికారికి, రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. చేర్చుకున్నాక ఏం వచ్చో చూడటం వేరే సంగతి, దానికి ఈ సెక్షన్ అడ్డం కాదు.

అంగన్‌వాడీ అక్క
జూలై 8, రాత్రి 7:30

మా పిల్లలు బడికి వెళ్లేటప్పుడు వాళ్ల గురించి మమ్మల్ని ఒక్క మాట అడిగే టీచరు ఏడాదికి ఒక్కరు దొరికితే గొప్ప. మూడేళ్లు మా చేతిలో తిరిగిన పిల్లలు. ఎవడు చెప్పు సొంతంగా వేసుకుంటాడో, ఎవడు అన్నం కలుపుకోలేడో, ఎవడి తల్లిదండ్రులు చెన్నై పనికి వెళ్లి అమ్మమ్మ దగ్గర వదిలేశారో మాకు తెలుసు. అమ్మ వెళ్లిపోయిన నెలలో పిల్ల మాట్లాడదు. ఆ నెలలో పరీక్ష పెడితే ఏం చెప్తుంది.

ఏఎన్ఎమ్
జూలై 8, రాత్రి 8:40

ఒక్కటే చెప్తాను. పిలిస్తే పలకని పిల్లని ముందు చెవి చూపించండి. కిందటేడు మా సబ్ సెంటరు పరిధిలో ఒక బాబుని రెండు నెలలు వెనక బెంచీలో కూర్చోబెట్టారు, వినడు అని. నిజంగానే వినడు, రెండు చెవుల్లోనూ చీము. బాల స్వాస్థ్య కార్యక్రమం టీము బడికి వచ్చినప్పుడు బయటపడింది. కళ్లూ అంతే. బోర్డుకి దగ్గరగా వెళ్లి చూసే పిల్లని అల్లరిది అంటారు. ఏ బేస్‌లైన్ అయినా చెవి, కన్ను చూశాకే.

పలాస నాన్న
జూలై 9, రాత్రి 9:30

చెవి చూపించాను, బాగానే ఉందన్నారు. థాంక్స్ అక్కా.

ఇంకో సంగతి. నిన్న సాయంత్రం మా అమ్మ చేటలో జీడిపప్పు పోసుకుని ఏరుతోంది. వీడు పక్కన కూర్చుని విరగని పప్పు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు ఒకవైపు వేస్తున్నాడు. మాడింది కనపడితే తీసి వాళ్ల నానమ్మ చేతిలో పెడుతున్నాడు. ఎవరూ నేర్పలేదు. ఇది కూడా లెక్కలోకి వస్తుందా మేడమ్?

ఆమదాలవలస టీచరమ్మ
జూలై 9, రాత్రి 10:05

వస్తుందా ఏమిటి బాబూ! మూడు రకాలుగా వేరు చేయడం, ఇమడని దాన్ని పక్కకి తీయడం. లెక్కలు అక్కడి నుంచే మొదలవుతాయి. ఒక కాగితం మీద తేదీ వేసి ఇదంతా రాసి టీచరుకి ఇవ్వండి. గొడవ పెట్టుకోకండి. ఆమె తరగతిలో ఎంతమంది ఉన్నారో ముందు అడగండి.

పలాస నాన్న
జూలై 19, రాత్రి 9:15

అప్‌డేట్. టీచరుని కలిశాను. చిన్నమ్మాయే, పాతికేళ్లు ఉంటాయేమో. తరగతిలో నలభై రెండు మంది. పేపరు మేనేజ్‌మెంట్ ఇచ్చిందట, దిద్ది పంపడమే ఆమె పని. నా కాగితం చదివి ‘పప్పు ఏరతాడా?’ అని నవ్వింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వీడిని ఒక్కణ్నీ కూర్చోబెట్టుకుని పది నిమిషాలు మాట్లాడిందట, తెలుగులో. వీడు ఇంటికొచ్చి ‘టీచర్‌కి తెలుగు వచ్చు నాన్నా’ అన్నాడు, పెద్ద రహస్యం కనిపెట్టినట్టు.

‘సి’ మాత్రం మార్చలేదు, ఆన్‌లైన్‌లో ఎక్కించేశారట. ట్యూషన్ వేయలేదు. పిక్కలు జరుపుతూ ఇరవై దాకా తప్పు లేకుండా పెడుతున్నాడు. ‘డ’ని ఇప్పుడు మొదట్నుంచి రాకుండానే చెప్తున్నాడు. కానీ ‘ద’ చూపించినా ‘డ’ అంటున్నాడు. దీనికేం చేయాలి?

ఆమదాలవలస టీచరమ్మ
జూలై 19, రాత్రి 9:40

రెండూ కలిపి చూపించకండి. పది రోజులు ‘ద’ని దాచేయండి. ‘డ’తో వాడికి తెలిసిన మాటలే తీసుకోండి, ‘జీడి’, ‘బడి’, ‘గొడుగు’. పుస్తకంలో, గోడ మీద, బస్సు మీద ‘డ’ ఎక్కడ కనపడితే అక్కడ వేలు పెట్టి చూపించమనండి. అది గట్టిపడ్డాక ‘ద’ తీయండి. అప్పుడు తేడా వాడే మీకు చెప్తాడు. మీ అమ్మగారు తింటున్నారా?

పలాస నాన్న
జూలై 19, రాత్రి 9:44

తింటోంది మేడమ్. ‘బద్దలో డ లేదు, ఉన్నది ద’ అని వాళ్ల నానమ్మకి నేను చెప్పాల్సి వచ్చింది.

గంటస్తంభం
జూలై 20, ఉదయం 7:05

మా మనవరాలికి నేనూ చింతపిక్కలు పోశాను. యూకేజీ. ఏడు ఇయ్యమ్మా అంటే ‘నీకెందుకు తాతా?’ అంది. ఇది ఏ గ్రేడు టీచరమ్మా?